ఆరుగురు బుక్ చేసుకున్నారు, ఇద్దరు దిగారు: స్వరాజ్ ద్వీప్‌లో ఒక కుటుంబం కేసు

ట్రావెల్ ఏజెంటు వాట్సాప్‌లో పంపిన బుకింగ్ ఇలా ఉంది: "కరీంనగర్ ఫ్యామిలీ, ఆరుగురు, అందరికీ స్కూబా, 12 మీటర్లు, వీడియో ఫ్రీ. మూడో రోజు పొద్దున ఆరింటికి డైవ్. తర్వాత ఫెర్రీ, సాయంత్రం ఫ్లైట్." కింద పేర్లు, బరువులు, చెప్పుల సైజులు. వయసులు లేవు. ఈత వచ్చా రాదా అన్న చోట ఆరుగురికీ కలిపి ఒకటే మాట, "నో ప్రాబ్లమ్."

ఈ కేసులో ప్రమాదమేమీ జరగలేదు. చివరికి ఆరుగురిలో ఇద్దరే డైవ్ చేశారు, అంటే సిలిండర్ కట్టుకుని నీటి అడుగుకు దిగారు. మిగతా నలుగురికీ డైవ్ షాపు వాళ్లం మేమే వద్దన్నాం. అయినా డబ్బు గురించి గొడవ కాలేదు, ఆరుగురూ ఏదో ఒకటి చేసి, ఏదో ఒకటి చూసి వెళ్లారు. మధ్యలో ఎవరికి ఎందుకు వద్దన్నాం, ఎలా చెప్పాం అన్నది ఇక్కడా, గోవాలోనూ, రుషికొండలోనూ ఇదే పని చేస్తున్న తెలుగు కుర్రాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కుటుంబంతో బయల్దేరబోయేవాళ్లు చదివినా మంచిదే.

చోటు గురించి రెండు ముక్కలు. స్వరాజ్ ద్వీప్ అంటే అండమాన్‌లో 2018 దాకా హేవ్‌లాక్ అని పేరున్న దీవి. జెట్టీ దగ్గర ఇప్పటికీ అందరి నోటా హేవ్‌లాకే. ఇక్కడ స్థిరపడ్డవాళ్లలో ఎక్కువమంది బెంగాలీలు. తెలుగువాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయపురంలో, ఎక్కువ కనిపిస్తారు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు వచ్చి ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అలాంటిదే. అందుకే తెలుగు గెస్టులు వస్తే షాపులో నన్ను పిలుస్తారు.

ముందు టైమ్ మార్చాం

వచ్చాక తేలిన లెక్క ఇది. ఇంటి పెద్దాయనకు 61, రిటైరైన ప్రభుత్వోద్యోగి. ఆయన భార్యకు 56, ఈత రాదు. కొడుక్కి 32, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అపార్ట్‌మెంట్ పూల్‌లో రోజూ ఈదుతాడు. కోడలికి 28. చిన్న కూతురికి 24. పెద్ద కూతురి కొడుకు ఒకడు, తొమ్మిదేళ్లవాడు, సంక్రాంతి సెలవులకని తాత వాళ్లతో వచ్చాడు.

ఎవరొచ్చినా నేను మొదట అడిగేది రిటర్న్ ఫ్లైట్ ఎన్నింటికని. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని అందరూ అనుకుంటారు గానీ, ఉండేది మనం పీల్చే మామూలు గాలే. నీటి ఒత్తిడిలో ఆ గాలి పీలిస్తే అందులోని నైట్రోజన్ కొంత రక్తంలోనూ కొవ్వులోనూ కరిగి ఉండిపోతుంది. విమానం కేబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. అక్కడ ఆ నైట్రోజన్ బుడగలు కట్టే వీలుంది. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికన్నా ఎక్కువ చేస్తే 18 గంటలు విమానం ఎక్కొద్దని డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెబుతుంది. మా షాపులో అందరికీ ఒకే మాట, 24 గంటలు. మినహాయింపులు మొదలుపెడితే ప్రతివాడూ తన ఫ్లైట్ గురించి బేరం పెడతాడు.

ఏజెంటు ప్లాన్ ప్రకారం వీళ్లకు మధ్యలో తొమ్మిది గంటలు కూడా మిగలడం లేదు. డైవ్‌ను రెండో రోజుకు జరిపాం. ఆయన కాసేపు నసిగాడు. ప్యాకేజీలో "సన్‌రైజ్ డైవ్" అని రాసుకున్నాడట.

రెండో రోజైనా ఆరింటికి కుదరదు. అమావాస్యకు ఇంకా ఒకట్రెండు రోజులుంది. ఆ తిథుల్లో ఇక్కడ పొద్దున తొమ్మిదికీ పదికీ మధ్య పోటు నిండుతుంది. కొత్తవాళ్లను మేం దించేది నెమో రీఫ్‌లో, ఒడ్డు నుంచే నడుచుకుంటూ వెళ్లే చోటు. నీరు తీసి ఉన్నప్పుడు వెళ్తే మోకాలి లోతులో పగడపు రాళ్ల మీద సిలిండర్ మోసుకుంటూ నడవాలి. ఈత వచ్చినవాడే తూలి పడతాడక్కడ. నీరు ఎక్కుతూ ఉండగా దిగేలా ఎనిమిదింటికి పెట్టాం.

ఫారం ఎవరి ముందు నింపుతున్నారు

నా దృష్టిలో ఈ కేసంతా ఇక్కడే ఉంది. ముందురోజు సాయంత్రం కుటుంబమంతా షాపుకొచ్చింది. డైవింగ్ నేర్పే సంస్థ ప్యాడి మెడికల్ ఫారం మొదటి పేజీలో పది ప్రశ్నలుంటాయి, ఇంగ్లీషులో. ఎక్కువమంది దాన్ని సంతకం పెట్టి ఇచ్చే కాగితంగానే చూస్తారు. కొడుకు ఆరు ఫారాలూ తీసుకుని, కూర్చున్న చోటే అందరి తరఫునా టకటకా "నో" టిక్కులు పెట్టేసి, సంతకాలకు పెన్ను చేతులు మారుస్తున్నాడు. ఆ ఆరూ వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చాం. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు తెలుగులో చెప్పి నింపించాలని మా పద్ధతి. మగవాళ్లతో నేను కూర్చున్నాను, ఆడవాళ్లతో మా మహిళా ఇన్‌స్ట్రక్టర్. ఆమె ఈ దీవిలోనే పుట్టిపెరిగిన బెంగాలీ అమ్మాయి, తెలుగు రాకపోయినా హిందీలో నడిపిస్తుంది.

పెద్దాయన మొదటి మాటే, "తమ్మీ, పన్నెండు మీటర్లు పక్కా తీస్కపోతవు గద?"

బీపీ ఉందా అని నేను ఎవర్నీ అడగను. మాత్ర వేసుకుంటే బీపీ నార్మల్‌గానే ఉంటుంది కాబట్టి బీపీ లేదనే మనవాళ్లు చెబుతారు. వాళ్ల లెక్కలో అది అబద్ధం కాదు. నేనడిగేది వేరే, "పొద్దున లేచాక ఏం మాత్రలు వేసుకున్నారు సార్?"

"పొద్దుగాల ఒకటి, పండుకునేటప్పుడు ఒకటి. గవి మామూలువే, ఏండ్ల సంది వేస్కుంటున్న."

అంటూనే చొక్కా జేబులోంచి స్ట్రిప్పులు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి బీపీకి వేసే టెల్మిసార్టాన్, రెండోది కొలెస్ట్రాల్‌ది. ఫారంలో 45 దాటినవాళ్లకు అదనపు ప్రశ్నలుంటాయి, బీపీ, కొలెస్ట్రాల్ అందులోనే వస్తాయి. ఒక్కదానికి "యస్" అన్నా డాక్టరు సంతకం కావాలి. బీపీ ఉన్నవాళ్లు అసలు డైవ్ చేయకూడదని కాదు. కంట్రోల్‌లో ఉండి, గుండె పరీక్షలు బాగుండి, డాక్టరు ఒప్పుకుంటే చాలామంది చేస్తారు. మెడదాకా నీళ్లలో మునిగినప్పుడు కాళ్లలోని రక్తం ఛాతీవైపు నెట్టుకొస్తుంది, గుండెకు పని పెరుగుతుంది, బీపీ ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ముప్పు కూడా కొంత ఎక్కువ. ఆ పని ఆయన గుండె చేయగలదో లేదో నేను మొహం చూసి చెప్పలేను. దీవిలో ఆరోగ్య కేంద్రం ఉంది గానీ, ఆయన చరిత్రేమీ తెలియని డాక్టరును ఒక్క పూటలో సంతకం పెట్టమనడం న్యాయం కాదు.

పెద్దాయనకు కోపం వచ్చింది. "రోజు ఐదు కిలోమీటర్లు నడుస్త. మా పోరనికన్న నేనే గట్టిగున్న."

ఈ చోట కొత్త ఇన్‌స్ట్రక్టర్లు ఆరోగ్యం గురించి వాదనకు దిగుతారు. దిగితే ఓడిపోతారు, ఎందుకంటే ఆయన నిజంగానే గట్టిగా ఉన్నారు. నేను కాగితం మీదే వేలు పెట్టాను. మీ డాక్టరు ఈ గీత మీద సంతకం పెట్టిన రోజు నేనే దగ్గరుండి తీసుకెళ్తాను సార్, ఇవాళ కుదరదు అన్నాను. ఆయన వెంటనే ఇంకో దారి వెతికారు. ఎలిఫెంట్ బీచ్‌లో సీ వాక్‌కు ఫారం లేదట కదా, అది చేస్తానన్నారు.

ఇది మన టూరిస్టులు అందరూ పడే పొరపాటు కాబట్టి కాస్త ఆగుతాను. సీ వాక్‌లో తలమీద హెల్మెట్ పెట్టి పైనుంచి గొట్టంతో గాలి కొడతారు. మొహం తడవదు, కళ్లజోడు కూడా తీయక్కర్లేదు, అడుగున నడవడమే. కాబట్టి అది పిల్లలాట అని పేరు. కానీ ఐదారు మీటర్ల లోతులో ఉన్నప్పుడు చెవికీ ఊపిరితిత్తులకూ గుండెకూ పడే ఒత్తిడి స్కూబాలో ఎంతో ఇక్కడా అంతే. మొహం తడవలేదన్న సంగతి చెవికి తెలియదు. స్కూబా వద్దన్న మనిషికి సీ వాక్ కూడా వద్దు అనే నేను చెబుతాను. ఆయన విన్నారు, ఒప్పుకున్నట్టు మాత్రం కనపడలేదు. ఆ రాత్రి ఏజెంటుకు ఫోన్ చేసి ఆయన సీ వాక్ టికెట్ నేనే రద్దు చేయించాను.

కోడలి ఫారానికి అందరికన్నా ఎక్కువ సేపు పట్టింది. వెట్‌సూట్, అంటే నీళ్లలో వేసుకునే బిగుతు సూటు, సైజు చూద్దామని మా ఇన్‌స్ట్రక్టర్ ఆమెను లోపలికి తీసుకెళ్లింది. బయటికొచ్చి, ఈమె చెవి కొంచెం ఎర్రగా ఉంది, రేపు దిగితే నొప్పి చేస్తుంది, జెట్ స్కీ, బనానా రైడ్ లాంటి అదురు కూడా ఒక వారం వద్దు అని అందరి ముందూ చెప్పింది. నాతో పక్కకు వచ్చి, "తను దిగదు, ఎందుకని అడక్కు" అంది. నేను అడగలేదు. అసలు విషయం కొన్ని నెలల తర్వాత ఆ అమ్మాయే శుభవార్త మెసేజ్ పెట్టినప్పుడు తెలిసింది. ఇలా రాయడానికీ ఆమెను అడిగే రాస్తున్నాను. నెల తప్పిందేమోనన్న అనుమానం అప్పటికి ఇంట్లో ఎవరికీ, భర్తకు కూడా, చెప్పలేదు.

ఫారంలో గర్భం గురించి ఆడవాళ్లకు ఒక సూచన ఉంటుంది, దాన్ని మేం ప్రశ్నగానే అడుగుతాం. కడుపుతో ఉంటే, లేదా ఉందేమోనని అనుమానం ఉన్నా, డైవ్ చేయకూడదు. బిడ్డ మీద ఒత్తిడి, బుడగల ప్రభావం ఎంతన్నది మనుషుల మీద పరీక్షించి చూసే విషయం కాదు కాబట్టి ప్రపంచమంతటా ఒకే రూలు, వద్దు. ఆ ప్రశ్నకు అత్తామామలు, ఆడపడుచు చుట్టూ కూర్చున్న బల్ల దగ్గర ఎవరు నిజం చెబుతారు? "లేదు" అనేసి మర్నాడు దిగుతారు. లేదా భయమేస్తోందని చెప్పి ఇంటిల్లిపాదీ బలవంతపెడితే దిగుతారు. మెడికల్ ఫారాన్ని సంతకాల కోసం గుంపులో తిప్పే షాపులు ఆ ప్రశ్న అడిగినట్టే కాదు. ఇక చెవి ఎర్రగా ఉందన్న అబద్ధం సంగతి. అది షాపు చెప్పాల్సిన అబద్ధమే. కారణం మా నోటితో వస్తే ఆ అమ్మాయిని ఎవరూ ప్రశ్నలు వేయరు.

చిన్న కూతురిది సూటి కేసు. జలుబు. రాత్రి ముక్కులో చుక్కలు వేసుకుంటే పొద్దున్నకు క్లియర్ అయిపోతుంది అంది. కిందికి దిగేటప్పుడు నిజంగానే పని చేస్తుంది. అడుగున ఉండగా మందు ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు లోపల వ్యాకోచించే గాలి బయటికి పోయే దారి మూసుకుంటుంది. దిగేటప్పుడు చెవి తెరుచుకోకపోతే వెనక్కి రావచ్చు. ఎక్కేటప్పుడు తెరుచుకోకపోతే ఎక్కడికి పోతాం? గాలి ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. ఈ మాట చెబితే ఆమె ఇంకేం అడగలేదు.

పిల్లవాడికి పదేళ్లు నిండలేదు. సముద్రంలో స్కూబాకు కనీసం పది. పదేళ్లని రాసేయమని తాత, మేనమామ ఒకేసారి సలహా ఇచ్చారు, ఎవడికి తెలుస్తుంది అని. ఆధార్ చూడకుండా పిల్లల్ని తీసుకోం.

అలా ఆరుగురిలో తల్లీ కొడుకూ మిగిలారు.

మీసం, నల్లపూసలు, కుంభకం

కొడుక్కి ఒత్తైన గడ్డం, మీసం. డైవింగ్ మాస్క్ ముక్కును కూడా కప్పుతుంది, దాని సిలికాన్ అంచు ముక్కు కింద చర్మానికి ఆనాలి. మీసం మధ్య నుంచి నీరు సన్నగా కారుతూనే ఉంటుంది. ముక్కుకూ మీసానికీ మధ్య ఒక వేలు మందాన గీసుకుంటే సరిపోతుంది, ఎదురుగా ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఆయన ముందు ఒప్పుకోలేదు. ఒడ్డున మాస్క్ పెట్టుకుని, పట్టీ లేకుండా ముక్కుతో గాలి లోపలికి లాగి చూడమన్నాను. మాస్క్ ఊడి చేతిలో పడింది. రేజరు అడిగాడు.

తల్లిగారికి నల్లపూసలు, పుస్తెలతాడు, మెట్టెలు. కొందరు ఇన్‌స్ట్రక్టర్లు నగలన్నీ తీసేయమంటారు. ఉంగరాల విషయంలో అది సబబే, నీళ్లలో వేళ్లు ముడుచుకుని జారిపోతాయి. పుస్తెలు తీయమంటే మాత్రం ఆవిడ అక్కడే లేచి వెళ్లిపోయేది. తీయాల్సిన అవసరమూ లేదు. తాడును టీషర్టు లోపలికి వేసి పైన వెట్‌సూట్ జిప్పు మెడదాకా వేస్తే గొట్టాలకు తగులుకోదు. మెట్టెల మీద మెత్తటి బూటీ వేశాం. లెగ్గింగ్, టీషర్టు మీదే వెట్‌సూట్. బట్టల గురించి టెన్షన్ పోయేసరికే ఆవిడ మొహం మారింది. ఎంతోమంది ఆడవాళ్లు సముద్రానికి భయపడి వెనక్కి తగ్గారని అనుకుంటాం, నిజానికి వాళ్లు వెనక్కి తగ్గేది ఇలాంటి చోట్ల.

నడుం లోతు నీళ్లలో మొదటి పాఠం. సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, మొహం నీళ్లలో ముంచి, నోటితోనే పీల్చి నోటితోనే వదలాలి. కొడుకు వెంటనే పట్టేశాడు. తల్లి పీల్చడం అద్భుతంగా పీల్చింది, ఆగింది. ఆగిపోయింది. నేను లోపల లెక్కపెడుతూ చూస్తున్నాను, ఒక్క బుడగ కూడా రాదు. తల పైకెత్తించి అడిగితే, "రోజు ప్రాణాయామం చేస్త బిడ్డా, కుంభకం పట్టిన" అంది.

ఈ తరహా గెస్టులు ఈమధ్య ఎక్కువయ్యారు. ప్రాణాయామం చేసేవాళ్ల ఊపిరి నిదానంగా ఉంటుంది, అది మాకు వరం. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, మాత్రం డైవింగ్‌లో అన్నిటికన్నా ప్రమాదం. పది మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి, బిగపట్టి పైకి వస్తే, పైకొచ్చేసరికి రెట్టింపు అవుతుంది. ఊపిరితిత్తి అంత సాగదు. మీటరు పైచిలుకు లోతు నుంచి ఊపిరి బిగబట్టి లేచినా దెబ్బ తగిలిన కేసులున్నాయి. ఏళ్ల అలవాటును "వద్దు" అంటే పోదు. అందుకని పూరకం (పీల్చడం), రేచకం (వదలడం) మాత్రమే, మధ్యలో కుంభకం లేదు అని ఆవిడ భాషలోనే చెప్పాం. ప్రతి రేచకానికీ బుడగల చప్పుడు వినబడాలి, చప్పుడు లేకపోతే తప్పు చేస్తున్నట్టు. బుడగలు చెవి పక్క నుంచి గలగలా పోతాయి కాబట్టి ఆ చప్పుడు పట్టుకోవడం తేలిక. నడుం లోతులోనే చాలాసేపు చేయించాం. మిగతా గ్రూపులు మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయాయి.

సైగలు కూడా అక్కడే. బొటనవేలు పైకెత్తితే మనకు సూపర్ అని. నీళ్లలో దాని అర్థం "పైకి వెళ్దాం". బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు సున్నా చుట్టాలి. చెవి నొప్పి అయితే అరచేయి అటూఇటూ ఆడించి చెవి చూపించాలి. ఒడ్డున అందరూ తలూపుతారు. కెమెరా ఎదురుగా రాగానే పాత అలవాటు వచ్చేస్తుంది.

మొదటి మూడు మీటర్లు

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు బస్సులో చెవులు దిబ్బళ్లు వేయడం అందరికీ తెలుసు. కింద తిరుపతికీ కొండమీదికీ గాలి ఒత్తిడిలో ఉండే తేడా మొత్తం కలిపితే, నీళ్లలో ఒక మీటరు దిగినంత కూడా ఉండదు. బస్సుకు అందుకు అరగంట పైన పడుతుంది. నీళ్లలో ఒక్క కాలు తన్నితే ఆ మీటరు దాటేస్తాం. తెలుగు గెస్టులకు ఇది చెప్పాక చెవుల సంగతి ఇంక విడమరచి చెప్పే పని ఉండదు.

పైగా ఒత్తిడి పని అంతా పైనే. నీటి ఉపరితలం నుంచి మూడు మీటర్లకు దిగితే చెవి లోపలి గాలి దాదాపు నాలుగో వంతు కుంచించుకుపోతుంది. తొమ్మిది నుంచి పన్నెండుకు దిగినప్పుడు తగ్గేది ఏడో వంతే. ఎన్ని మీటర్లు తీసుకెళ్తావని అడిగేవాళ్లు భయపడాల్సింది పన్నెండో మీటరుకు కాదు, రెండోదానికి. ముక్కు మూసి మెల్లగా గాలి చెవుల్లోకి నెట్టడం నొప్పి మొదలయ్యాక చేసే పని కాదు. తల మునగగానే మొదలుపెట్టి అర మీటరుకోసారి చేస్తూ పోవాలి. ఒకసారి ఒత్తిడి తేడా పెరిగిందంటే గొంతుకూ చెవికీ మధ్య ఉన్న సన్నని గొట్టం అతుక్కుపోతుంది, ఇక ఎంత గట్టిగా నెట్టినా తెరుచుకోదు. ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించడమే దారి.

కొడుక్కి జరిగింది సరిగ్గా ఇదే. ఈత వచ్చిన శరీరం తల కిందికి పెట్టి దూసుకుపోవాలని చూస్తుంది. తల కింద, కాళ్లు పైన ఉన్నప్పుడు చెవులు తెరుచుకోవడం కష్టం. కాళ్లు కిందికి పెట్టి నిలువుగా దిగితే తేలిక. నేను వెనక నుంచి సిలిండర్ పట్టుకుని నిలబెడుతున్నా ఆయన రెండుసార్లు ఒంగాడు. రెండున్నర మీటర్ల దగ్గర నుదురు ముడిపడింది, చేయి చెవి దగ్గరికి వెళ్లింది. పైకి తీసుకొచ్చాను, దవడ ఆడించమన్నాను, మింగమన్నాను, మళ్లీ దిగాం. కుడి చెవి తెరుచుకుంది, ఎడమది సగమే. ఈలోగా కెమెరా కుర్రాడు ఎదురుగా వచ్చాడు. ఈయన నవ్వుతూ బొటనవేలు ఎత్తాడు. నేను ఆయన్ని పైకి లేపాను. నీటి మీదికొచ్చాక, "ఎందుకన్నా తెచ్చావు?" అన్నాడు.

తర్వాత నాలుగు మీటర్ల దగ్గర ఆగిపోయాం. అంతకన్నా దించలేదు. నెట్టితే ఇంకో రెండు మీటర్లు వెళ్లేవాడేమో, సాయంత్రానికి చెవిలో రక్తం గడ్డకట్టేది. వీడియోలో మీటర్లు కనబడవు.

తల్లి విషయంలో మా ఇన్‌స్ట్రక్టర్‌కు చేయడానికి పెద్దగా పని లేకపోయింది. ఆవిడ చేతులు కట్టుకుని, ముక్కు నొక్కుతూ, బుడగలు వదులుతూ మెట్టు మెట్టు దిగినట్టు ఆరు మీటర్లకు చేరింది. అక్కడ ఒక పెద్ద ముత్యపు చిప్పలాంటి జీవి ఉంటుంది, జెయింట్ క్లామ్ అంటాం. రాయిలో కూరుకుపోయి, నోరు తెరుచుకుని, నీలం ఆకుపచ్చ మచ్చల పెదవులతో. నీడ పడితే ముడుచుకుంటుంది. ఆవిడ చెయ్యి దాని పైన అటు తిప్పింది, పెదవులు లోపలికి పోయాయి. చెయ్యి తీసింది, మెల్లగా మళ్లీ విచ్చుకున్నాయి. ముట్టుకోకుండా, నీడతోనే, ఇన్‌స్ట్రక్టర్ కదిలించేదాకా అదే ఆడుతూ ఉండిపోయింది. పక్కనే సీ అనిమోన్లలో క్లౌన్ ఫిష్‌లున్నాయి, అందరూ ఫొటో అడిగేవి. ఆవిడ వాటివైపు చూడలేదు.

ముప్పై నిమిషాలకు పైకి వచ్చేసరికి ఒకేలా నింపిన సిలిండర్లలో కొడుకుదాంట్లో 110 బార్, తల్లిదాంట్లో 150 మిగిలాయి (బార్ అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి కొలత). అదీ ఆవిడ ఎక్కువ లోతులో ఉండి. ఈత వచ్చిన కొత్తవాళ్లు చేతులు కాళ్లు ఆడిస్తూ ఉంటారు, గాలి ఖర్చవుతుంది. ఈత రానివాళ్లను మేం పట్టుకునే ఉంటాం కాబట్టి కదలకుండా ఉంటారు. ఈత రాదు, నేనేం చేస్తాను అని ఒడ్డున కూర్చునే అమ్మలకు నేను ఇదే చెబుతాను. కొత్తవాళ్లతో చేయించే ఈ ఇంట్రో డైవ్‌లో అడిగేది ఊపిరి, చెవి, మాట వినడం. ఈత వస్తే మంచిదే, రాకపోతే ఆగేదేం లేదు.

కొడుకు ఒడ్డుకొచ్చి లోతు చూపించే నా చేతి కంప్యూటర్ చూశాడు. "నాలుగేనా?" అన్నాడు. నీటిలో ఎరుపు రంగు మొదట మాయమవుతుంది, ఐదు మీటర్లు దాటేసరికే చాలా పోతుంది. పన్నెండు దగ్గర లైటు లేకపోతే అంతా నీలంగా, బూడిదగా కనిపిస్తుంది. నాలుగు మీటర్ల దగ్గర తీసిన ఆయన వీడియోలో నారింజ రంగు చేప నారింజగానే ఉంది. ఆ వీడియో చూశాకే కాస్త శాంతించాడు.

మిగతా నలుగురు

వద్దన్నాక ఊరికే కూర్చోబెడితే కోపం మా మీద నిలబడిపోతుంది. ఎవరికేం పనికొస్తుందో అదే చేయించాం. జలుబున్న కూతురు, పిల్లవాడు లైఫ్ జాకెట్ వేసుకుని, రింగు పట్టుకుని, మా కుర్రాడితో స్నార్కెలింగ్. నీటి మీదే తేలుతూ మొహం ముంచి చూడటం కాబట్టి చెవి గొడవ లేదు. పిల్లవాడు మొదట ఏడుపు మొహంతోనే దిగాడు గానీ, పచ్చగా నీలంగా ఉండే ప్యారట్ ఫిష్ పగడాన్ని కొరికే చప్పుడు వినబడుతుందిరా, చెవి పెట్టి విను అని చెప్పి వదిలారు. విన్నానని ఊరంతా చెప్పుకుంటూ వచ్చాడు. ఒడ్డున ఏరిన పగడం ముక్క జేబులో పెట్టుకుంటే తీయించాం. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు.

ఎలిఫెంట్ బీచ్‌లో పెద్దాయనకు అడుగు గాజుతో ఉండే గ్లాస్ బాటమ్ బోటు. ఆయన ముభావంగానే ఎక్కారు. అక్కడి బోటుకు జాకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి గానీ ఎవరినీ ఎక్కనివ్వకపోవడం మా పద్ధతి. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర కిక్కిరిసిన టూరిస్టు బోటు మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఈ దీవుల్లో పని చేసినవాళ్లెవరూ ఇంకో ఇద్దరు సర్దుకుంటారులే అన్న మాటను తేలిగ్గా తీసుకోరు.

సాయంత్రం అందరూ కలిసి చేసింది కయాకింగ్. ఇక్కడ జనవరిలో ఐదుంబావుకల్లా పొద్దు గుంకుతుంది, దేశమంతటికీ ఒకే టైము కాబట్టి. ఆరున్నరకు చిమ్మచీకటి. అమావాస్య దగ్గరి రాత్రుల్లో తెడ్డు వేసిన చోటల్లా నీళ్లు నీలంగా వెలుగుతాయి, కదిలిస్తే వెలిగే సూక్ష్మజీవుల వల్ల. నీరు నిశ్చలంగా ఉంటుంది, అదురు లేదు, కాబట్టి కోడలికీ పనికొచ్చింది. మొసళ్లు ఉండవా అని పెద్దాయన అడిగారు. ఉంటాయి, ఉప్పునీటి మొసళ్లు. 2010లో రాధానగర్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ టూరిస్టును మొసలి చంపింది. అందుకే మొసలి కనబడిందని అటవీశాఖ బోర్డు పెట్టిన చోటికి ఎవర్నీ తీసుకెళ్లం, చీకట్లో కయాక్‌లోంచి చేయి కిందికి వేలాడేయొద్దని చెబుతాం. ఇది దాచి చెప్పే షాపులున్నాయి. చెబితే గెస్టులు పారిపోతారన్నది వాళ్ల భయం. ఈయన ముందు సీట్లో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, తెడ్డు వెనకున్న గైడుకే వదిలేశారు.

లెక్క

మెడికల్ కారణంతో మేం వద్దంటే పూర్తి డబ్బు వెనక్కి. నలుగురికీ ఇచ్చేశాం. ఆ పూట షాపుకు లాభమేమీ మిగల్లేదు, ఇద్దరు గెస్టులకు ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు సగం రోజు కట్టుబడిపోయారు. ఏజెంటుకు కమిషన్ పోయింది, ఫోన్‌లో బాగానే తిట్టాడు. రిఫండ్ లేని షాపులో కౌంటర్ దగ్గర కూర్చున్నవాడు "నో" టిక్కుల వైపే మొగ్గుతాడు, అది మనిషి స్వభావం. కాబట్టి రిఫండును ఉదారత అనుకోకుండా సేఫ్టీ ఖర్చులోనే రాసుకోవాలని షాపు ఓనరుతో వాదించి ఒప్పించాం.

ఇప్పుడు బుకింగ్ రాగానే తెలుగు కుటుంబాలకు నేనే ఒక వాయిస్ మెసేజ్ పంపుతాను. ఫ్లైట్ ఎప్పుడు, ఎవరెవరి వయసెంత, పొద్దున్నే ఎవరు ఏ మాత్ర వేసుకుంటారు. మాత్రలుంటే డాక్టరు సంతకానికి ఫారం ముందే పంపుతాం, ఊళ్లోనే చూపించుకుని వస్తారు. పెద్దాయన కూడా వెళ్లాక ఒకరోజు ట్రెడ్‌మిల్ రిపోర్టు, కార్డియాలజిస్టు సంతకం ఫొటో తీసి పంపారు. అప్పటికి మే నెల, వానలు మొదలయ్యే సమయం. డిసెంబరు తర్వాత రమ్మన్నాం.

ఏజెంటు మాతోనే పని చేస్తున్నాడు. ఫ్లైట్ టైమ్ తనే ముందు అడుగుతున్నాడు, వయసుల కాలమ్ పెట్టాడు, సన్‌రైజ్ డైవ్ తీసేశాడు. "12 మీటర్లు" అన్న లైను మాత్రం బ్రోచర్‌లో ఉంచాడు. అది లేకపోతే జనం పక్క ఏజెంటు దగ్గరికి పోతారట.